ఇరవై ఏళ్లకు తేలే ఆపరేషన్

ఒకే ఒక్క పుట్టుకలోపం. దాన్ని సరిచేయడానికి ఇప్పటిదాకా మూడు వందలకు పైగా ఆపరేషన్లు పుట్టుకొచ్చాయని సర్జన్లే చెబుతుంటారు. ఈ అంకె విని వాళ్ల తెలివికి జోహార్లు చెప్పాలా, లేక ఇన్ని చేసినా ఏదీ పూర్తిగా కుదరలేదని అర్థం చేసుకోవాలా? నా ఓటు రెండోదానికే. బాగా కుదిరిన ఆపరేషన్‌కు ఇన్ని రకాలు అక్కర్లేదు.

ఆ లోపం పేరు హైపోస్పేడియాస్. మగపిల్లాడికి మూత్రరంధ్రం అంగం కొసన ఉండాల్సింది పోయి, కింది వైపున ఎక్కడో తెరుచుకుంటుంది. ఆ ‘ఎక్కడో’ మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంటుంది. చాలామందిలో అది కొసకు కొద్ది దూరంలో, శిశ్నాగ్రం మీదనో దాని అంచునో ఉంటుంది. కొందరిలో అంగం నడుమ ఉంటుంది. ఇంకొందరిలో వృషణాల సంచి దగ్గరకు, మరీ తీవ్రమైన రకంలో సంచి వెనక్కి జారిపోయి ఉంటుంది. దీనికి తోడు మరో రెండు తేడాలు కనిపిస్తాయి. అంగం కిందికి వంగి ఉండవచ్చు. ఈ వంపును డాక్టర్లు కార్డీ అంటారు. ముందోలు చుట్టూ పూర్తిగా ఏర్పడకుండా పైన మాత్రమే ముసుగులా వేలాడుతుంటుంది. మూడూ అందరిలో ఒకే స్థాయిలో ఉండవు. 200 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి ఈ లోపం ఉంటుందని అంచనా. అంటే పెద్ద ప్రసూతి ఆసుపత్రి ఏదైనా సరే, నెలకు ఇలాంటి బిడ్డలను ఒకరిద్దరినైనా చూస్తుంది. వీళ్లలో పదింట ఏడుగురిది కొసకు దగ్గరగా ఉండే తేలిక రకమే.

ఇంత మామూలుగా కనిపించే లోపం గురించి మన ఇళ్లలో మాట వినపడదు. గుండెలో రంధ్రమంటే ఊరంతా చెప్పుకుని చందాలు వేసుకుంటారు. ఇది మాత్రం స్నానం చేయించే అమ్మమ్మ, తల్లి, మహా అయితే తండ్రి, ఈ ముగ్గురి మధ్యే ఉండిపోతుంది. ‘పెద్దయితే అదే సర్దుకుంటుందిలే’ అన్న మాటతో ఏళ్లు గడిచిపోతాయి. వృషణం దిగకపోతే మొదటి ఆరు నెలల్లో దానంతటదే దిగే అవకాశం కొంత ఉంది. రంధ్రం మాత్రం దానంతటది కొసకు జరగదు. పుట్టిన ఏడాదిన్నరలోపు రావాల్సిన పిల్లలు బడిలో చేరే వయసుకు వస్తారు. కొందరైతే పెళ్లి కుదిరాక వస్తారు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఈ పిల్లలకు ఆపరేషన్‌కు ముందు సున్తీ చేయించకూడదు. పైన వేలాడే ఆ ముందోలే సర్జన్‌కు చేతికందే గుడ్డ. కొత్త మూత్రమార్గం కట్టడానికి, కట్టినదాన్ని కప్పడానికి అదే కావాలి. టర్కీలో ఇలాంటి బిడ్డను ప్రవక్త సున్తీతో పుట్టినవాడని భావించే సంప్రదాయం ఉంది. కింది వైపు ముందోలు లేకపోవడం చూసి వచ్చిన నమ్మకమది. ఆ నమ్మకం వల్ల బిడ్డకు తెలియకుండానే మేలు జరుగుతుంది. ఉన్న చర్మం కత్తికి దొరక్కుండా మిగిలిపోతుంది.

ఇదెలా వస్తుందో అర్థం కావాలంటే గర్భంలో ఏడో వారానికి వెళ్లాలి. అప్పటికి ఆడపిల్లా మగపిల్లాడా అన్నది బయటి నుంచి చూసి చెప్పలేం. ఇద్దరికీ ఒకే రకం చిన్న మొలక, దాని కింద నిలువునా ఒక గాడి, గాడికి రెండు పక్కలా మడతలు ఉంటాయి. ఎనిమిదో వారం ప్రాంతంలో మగపిండంలోని వృషణాలు టెస్టోస్టెరోన్ తయారుచేయడం మొదలుపెడతాయి. అక్కడి కణజాలం దాన్ని మరింత శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మార్చుకుంటుంది. ఆ హార్మోన్ ఆదేశంతో మొలక పొడుగవుతుంది. గాడి అంచులు రెండూ కలుసుకుంటూ మూలం నుంచి కొస వైపు మూసుకుంటాయి. పద్నాలుగు, పదహారు వారాలకల్లా ఈ పని అయిపోవాలి. ఎక్కడ ఆగితే రంధ్రం అక్కడే ఉండిపోతుంది. ముందోలు చుట్టూ కలవదు. కింది వైపు కణజాలం ఎదగక అంగం వంగుతుంది. మూడు తేడాలకూ మూలం ఒక్కటే, మధ్యలో ఆగిపోయిన పని.

ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ఎక్కువమంది పిల్లల్లో జవాబు దొరకదు. తక్కువ బరువుతో పుట్టే పిల్లల్లో ఇది ఎక్కువ. అందుకు ఒక మంచి వివరణ ఉంది. తొలి వారాల్లో పిండం వృషణాలను పనిలోకి దింపేది మాయ నుంచి వచ్చే హార్మోనే. మాయ బలహీనంగా ఉంటే ఆ పిలుపూ బలహీనపడుతుంది, బిడ్డ బరువూ తగ్గుతుంది. కుటుంబాల్లోనూ ఇది నడుస్తుంది. అన్నకు ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం పదిమందిలో ఒకరి దరిదాపుల్లో ఉంటుంది. ప్లాస్టిక్‌లు, పురుగుమందుల్లో హార్మోన్లను తికమకపెట్టే రసాయనాల పాత్ర మీద చాలా పరిశోధన జరిగింది. అనుమానం బలంగానే ఉంది కానీ తీర్పు ఇంకా రాలేదు. తీర్పు వచ్చేసిన విషయం ఒకటుంది. గ్రహణం రోజు గర్భిణి కూరగాయలు తరగడం వల్ల ఇది రాదు. గ్రహణం మొర్రికి తల్లిని నిందించిన నోళ్లే దీనికీ నిందిస్తాయి కాబట్టి ఈ మాట రాయక తప్పలేదు.

తెలుగు ప్రాంతాల్లో మేనరికాల మాట కూడా ఎత్తాలి. మామూలు హైపోస్పేడియాస్‌కు మేనరికమే కారణమని చెప్పలేం. కానీ తీవ్ర రకాల వెనక అప్పుడప్పుడూ ఉండే కొన్ని జన్యులోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా సంక్రమిస్తేనే బయటపడతాయి. టెస్టోస్టెరోన్‌ను డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మార్చే ఎంజైమ్ లోపించడం అలాంటిదే. దగ్గరి సంబంధాల్లో ఈ రెండు కొసలూ కలిసే అవకాశం పెరుగుతుంది.

ఇంకో లోపం మరీ ముఖ్యం, ఎందుకంటే అది ప్రాణం తీస్తుంది. రంధ్రం కింద ఉండి, రెండు వృషణాలూ చేతికి తగలని బిడ్డను చూస్తే ‘మగబిడ్డ, హైపోస్పేడియాస్’ అని రాసి ఇంటికి పంపకూడదు. ఆ బిడ్డ జన్యుపరంగా ఆడపిల్ల కావచ్చు. అడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైమ్ లేక మగ హార్మోన్లు పేరుకుపోయి బయటి అవయవాలు అలా మారి ఉండవచ్చు. వీళ్లలో చాలామందికి ఒంట్లో ఉప్పు నిలవదు. రెండు మూడు వారాల్లో వాంతులతో, నీరసంతో కుప్పకూలిపోతారు. రక్తపరీక్ష, క్రోమోజోముల పరీక్ష చేయిస్తే బయటపడుతుంది. మందులతో బతుకుతారు.

ఇక సర్జన్ల దగ్గరికి వద్దాం. మొదటి, రెండో శతాబ్దాల్లో హెలియోడోరస్, ఆంటిల్లస్ అనే గ్రీకు శస్త్రవైద్యులు ఒక పరిష్కారం చెప్పారు. రంధ్రం ఎక్కడుందో అక్కడిదాకా అంగం కొసను కోసేయడం! రంధ్రం అప్పుడు కొసనే ఉంటుంది, లెక్క సరిపోతుంది. గేలెన్ మాత్రం అసలు చిక్కు వంపులో ఉందని పట్టుకున్నాడు. వీర్యానికి లోటేమీ లేదనీ, వంపు వల్ల అది చేరాల్సిన చోటికి చేరదనీ అన్నాడు. పదహారో శతాబ్దపు ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి ఈ లోపమే ఉండేదని వైద్య చరిత్రకారులు చెబుతారు. 1533లో కేథరిన్ డి మెడిచీతో పెళ్లయింది, పదేళ్లు పిల్లల్లేరు. 1544లో పుట్టిన మొదటి బిడ్డతో కలిపి వరసగా పదిమంది పుట్టారు. ఆస్థాన వైద్యుడు జాన్ ఫెర్నెల్ ఏదో ఉపాయం చెప్పాడని కథ. ఉపాయమేమిటన్న దాని మీద కబుర్లే తప్ప రుజువులు లేవు. పదిమంది పిల్లలు మాత్రం నిజం.

అసలైన మరమ్మతు 19వ శతాబ్దంలో మొదలైంది. 1842లో అమెరికాలోని వర్జీనియాలో జాన్ మెటావర్ వంపును సరిచేశాడు. 1874లో పారిస్‌లో సిమోన్ డుప్లే అంగం కింది చర్మాన్నే గొట్టంగా చుట్టి మూత్రమార్గం కట్టాడు. ఒక్క విడతలో కాదు, దశలవారీగా చేశాడు. కొన్నేళ్లకు ఆయనే ఒక చిత్రమైన విషయం రాశాడు. గొట్టాన్ని పూర్తిగా చుట్టలేకపోయినా పరవాలేదట. పక్క చర్మంతో పైన కప్పేస్తే, లోపల తెరిచి ఉన్న భాగం మీద శరీరమే పొర అల్లుకుంటుందట. ఆ మాట అప్పుడెవరికీ పట్టలేదు. 1940ల చివర్లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో డెనిస్ బ్రౌన్ దాన్నే పద్ధతిగా మార్చాడు. చర్మపు పట్టీ ఒకటి వదిలి, గొట్టంగా చుట్టకుండానే పైన కప్పేశాడు. పట్టీ అంచుల నుంచి పొర పెరిగి గొట్టం తనంతట తానే తయారైంది. కుట్టు మధ్యలో మూత్రం కారే రంధ్రాలు, అంటే ఫిస్టులాలు, బాగా వచ్చేవి, ఆ పద్ధతి తర్వాత మూలపడింది. ఆలోచన మాత్రం మూలపడలేదు.

ఈలోగా ముందోలు మీద సర్జన్ల కన్ను పడింది. ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. ఆగ్రాలో హరిశంకర్ ఆసోపా 1971లో ముందోలు లోపలి పొరను గొట్టంగా చుట్టి, బయటి చర్మంతో కలిపే కిందికి తిప్పి, ఒకే ఆపరేషన్‌లో మూత్రమార్గం కట్టే పద్ధతి ప్రచురించాడు. ఫిలడెల్ఫియాలో జాన్ డకెట్ ఇదే దారిలో తన పద్ధతిని ప్రకటించింది 1980లో. ప్రపంచమంతా డకెట్ పేరే ఎక్కువగా మోగింది. డకెట్ మహా సర్జనే, సందేహం లేదు. ఆసోపా తొమ్మిదేళ్లు ముందున్నాడన్నది కూడా అంతే నిజం.

వంపు నిజంగా తగ్గిందో లేదో ఆపరేషన్ బల్ల మీదే తెలుసుకునే పద్ధతి 1974లో వచ్చింది. గిటిస్, మెక్‌లాక్లిన్ అనే ఇద్దరు సర్జన్లు అంగం మూలంలో పట్టీ బిగించి, సెలైన్ ఎక్కించి అంగాన్ని నిలబెట్టి చూశారు. ఇప్పటికీ ప్రతి ఆపరేషన్‌లో జరిగే పరీక్ష ఇది. అంతకుముందు సర్జన్ వంపు పోయిందనుకుని కుట్లు వేసేవాడు. పోయిందో లేదో పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చాక తెలిసేది.

1994లో టెక్సాస్‌లో వారెన్ స్నాడ్‌గ్రాస్ ప్రచురించిన పద్ధతి ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్నది. దాని వెనకున్న చిక్కు ఇది. రంధ్రం నుంచి కొస దాకా మధ్యలో లేత గులాబీ రంగు పట్టీ ఒకటి ఉంటుంది. మూత్రమార్గం కావాల్సిన కణజాలమే అది, మూసుకోకుండా పలకలా పరుచుకుని ఉండిపోయింది. దాన్నే చుట్టి గొట్టం చేస్తే బయటి చర్మంతో పనే లేదు. కానీ చాలామందిలో ఆ పట్టీ సన్నగా ఉంటుంది. చుడితే వచ్చే గొట్టంలో ధార సరిగా రాదు. స్నాడ్‌గ్రాస్ పట్టీకి నడిమధ్యన నిలువునా లోతుగా ఒక గాటు పెట్టాడు. పట్టీ రెండు పక్కలకూ విచ్చుకుంది. వెడల్పు పెరిగింది, ఇప్పుడు హాయిగా చుట్టవచ్చు. గాటు పెట్టిన చోట లోపల పచ్చి పుండుగా ఉంటుంది కదా, మచ్చకట్టి మూసుకుపోదా? మూసుకుపోలేదు. అంచుల నుంచి పొర అల్లుకుని పుండు కప్పుకుపోయింది. డుప్లే వందేళ్ల కిందట చెప్పిన మాటే! 1989లో రిచ్ అనే సర్జన్, ఆయన బృందం ఇలాంటి గాటునే మరో ఆపరేషన్‌లో చిన్నగా వాడి చూశారు. స్నాడ్‌గ్రాస్ దాన్ని పట్టీ పొడవునా నడిపాడు.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో చెబుతాను. పిల్లాడికి పూర్తి మత్తు ఇస్తారు. నొప్పి తెలియకుండా నడుం కింద ఇంజక్షనో, అంగం మూలంలో ఇంజక్షనో ఇస్తారు. నడుం కింది ఇంజక్షన్ వల్ల అంగంలో రక్తం నిండి వాపు పెరుగుతుందనీ, ఫిస్టులాలు ఎక్కువవుతాయేమోననీ పుదుచ్చేరి జిప్మర్ డాక్టర్లు 2012లో అనుమానం లేవనెత్తారు. తర్వాతి అధ్యయనాలు కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. సర్జన్ కళ్లకు భూతద్దాలు బిగించుకుని అంగం చర్మాన్ని మూలం దాకా ఒలిచి వెనక్కి జరుపుతాడు. చాలాసార్లు దీంతోనే వంపు సగం తగ్గుతుంది. సెలైన్ పరీక్ష చేస్తాడు. 30 డిగ్రీలలోపు వంపు మిగిలితే పైవైపున ఒక కుట్టు బిగించి నిటారు చేస్తాడు. ఆ కుట్టు ఎక్కడ వేయాలన్నది 1990ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లారెన్స్ బాస్కిన్ చేసిన పరిశోధన తేల్చింది. నరాలు పైభాగంలో రెండు పక్కల నుంచి విసనకర్రలా కిందికి విచ్చుకుంటాయి, సరిగ్గా నడినెత్తిన మాత్రం ఉండవు. కుట్టు అక్కడ వేస్తే స్పర్శ పోదు. తర్వాత పట్టీని చీల్చి, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లావున్న మెత్తని గొట్టం మీద చుట్టి, వెంట్రుక మందం దారంతో రెండు వరసలు కుడతాడు. దాని మీద ముందోలు లోపలి నుంచి తీసిన పలుచని పొరను రక్తనాళాలతో సహా తెచ్చి దుప్పటిలా కప్పుతాడు. కుట్టు మీద కుట్టు పడకుండా మధ్యలో ప్రాణమున్న పొర ఉంటే ఫిస్టులా తగ్గుతుంది. చివరికి శిశ్నాగ్రం రెక్కలను రెండు వైపుల నుంచీ తెచ్చి కలుపుతాడు. తేలిక రకానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది.

ఈ పనికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసు మంచిదని యూరప్, అమెరికా పిల్లల సర్జన్లు చెబుతారు. పిల్లాడికి గుర్తుండదు, గాయం త్వరగా మానుతుంది. డైపర్‌లో డైపర్ వేసి, లోపలి డైపర్‌కు రంధ్రం చేసి, మూత్రం పోవడానికి ఉంచిన ఆ మెత్తని గొట్టాన్ని బయటి డైపర్‌లోకి వదిలితే పెట్టెలూ సంచులూ అక్కర్లేదు. గొట్టం వారం ఉంచుతారు, తీవ్ర రకాల్లో రెండు వారాలు. ఆ వారం ఇంట్లో నిద్ర ఉండదు. మూత్రాశయం గొట్టాన్ని బయటికి తోసేయాలని చూస్తుంది. పిల్లాడు ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని కెవ్వుమంటాడు. దానికి మందు ఉంది, అడగాలి. మత్తు వల్ల బుర్ర దెబ్బతింటుందేమోనన్న భయమూ ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటిన మత్తు, పదేపదే ఇచ్చే మత్తు గురించి అమెరికా ఔషధ సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. గంటలోపు మత్తు ఒక్కసారి ఇచ్చిన పసిపిల్లలను ఐదేళ్ల వయసులో పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనం 2019లో తేడా ఏమీ కనబడలేదని చెప్పింది. ఈ ఆపరేషన్ ఆ రెండింటి మధ్యలో పడుతుంది. కాబట్టి ఒక్కసారికే సరిగా చేయించుకోవడం ఇక్కడ అదనపు లాభం. ఆరోగ్యశ్రీ జాబితాలో ఈ ఆపరేషన్ ఉంది. ఖర్చుకు భయపడి వాయిదా వేయనక్కర్లేదు. ఏడాదికి రెండో మూడో చేసే చేతుల్లో కంటే, తరచుగా చేసే చేతుల్లో ఫలితాలు బాగుంటాయి. ‘మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు సార్?’ అని సర్జన్‌ను అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇక ఫలితాలు. తేలిక రకంలో, అనుభవమున్న చేతుల్లో, వంద మందిలో ఐదు నుంచి పదిమందికి చిక్కులు వస్తాయి. అందులో మొదటిది ఫిస్టులా. కుట్టు మధ్యలో సన్నని రంధ్రం పడి మూత్రం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఆరు నెలలాగి దాన్ని మూయాలి, వెంటనే ముట్టుకుంటే మళ్లీ తెగుతుంది. కొత్త ద్వారం బిగుసుకుపోవడం, శిశ్నాగ్రం రెక్కలు విడిపోవడం తర్వాతివి. ఇంతవరకు బాగానే ఉంది. తీవ్ర రకాల్లో మాత్రం లెక్క వేరు. 30 డిగ్రీలు దాటిన వంపున్నప్పుడు ఆ గులాబీ పట్టీనే అడ్డంగా తెంచి నిటారు చేయాలి. చర్మమో బుగ్గ లోపలి పొరో అతికించి, ఆరు నెలల తర్వాత రెండో విడతలో గొట్టం చుట్టాలి. పేరుమోసిన పెద్ద పిల్లల ఆసుపత్రులే తమ రికార్డులు తీసి నిజాయితీగా లెక్కించుకుంటే, సగం మందికి పైగా ఇంకో ఆపరేషన్ అవసరమైందని తేలింది. పాత పుస్తకాల్లో ఉన్న అంకెలు దీనికంటే అందంగా ఉండేవి. అప్పటి సర్జన్లు అబద్ధమాడారని కాదు, ఏడాది చూసి లెక్క ముగించారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన మాట అదే. పెరిగే పిల్లాడికి చొక్కా కుట్టించేటప్పుడు దర్జీ మడత లోపల గుడ్డ వదులుతాడు. మూత్రమార్గానికి అలా వదిలే వీలు లేదు. రెండు సెంటీమీటర్ల గొట్టం యవ్వనంలో అంగంతో పాటు రెండు మూడు రెట్లు పెరగాలి. కొత్త కణజాలం చాలావరకు పెరుగుతుంది, మచ్చకట్టిన భాగం పెరగదు. చిన్నప్పుడు నిటారుగా ఉన్న అంగం పదమూడు, పద్నాలుగేళ్లకు మళ్లీ వంగవచ్చు. వృషణాల సంచి చర్మంతో గొట్టం కట్టిన పాత పద్ధతుల్లో యవ్వనంలో గొట్టం లోపలే వెంట్రుకలు మొలిచేవి, వాటి చుట్టూ రాళ్లు కట్టేవి. మంచి వార్తలూ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత మూత్రధార వేగాన్ని యంత్రంతో కొలిస్తే గీత చాలామందిలో చదునుగా వస్తుంది. బిగుసుకుపోయిందేమోనని తల్లిదండ్రులు కంగారు పడతారు. యవ్వనం వచ్చాక చాలామందిలో అదే మెరుగవుతుంది. చిక్కులన్నీ మొదటి ఏడాదిలోనే కనిపిస్తాయని ఒకప్పుడు అనుకున్నారు. ఎక్కువ కాలం చూసిన అధ్యయనాలు ఆ నమ్మకాన్ని సడలించాయి.

ఎప్పుడు చూడాలన్నది ఒక ప్రశ్న. ఎవరు చూడాలన్నది రెండోది. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ సర్జన్లనూ ఒకే అంగం గురించి విడివిడిగా అడిగారు. సర్జన్లు ఎక్కువ సంతృప్తి చెందారు. ఇద్దరి అభిప్రాయాలకూ పొంతన అంతంతమాత్రమే. పెద్దయిన మగవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, దాంపత్య జీవితం ఎక్కువమందికి సజావుగానే సాగుతుంది. తేలిక రకంలో సంతానానికి అడ్డేమీ లేదు. అసంతృప్తి ఉంటే అది ఎక్కువగా రూపం మీద, పొడవు మీద. తీవ్ర రకాల్లో వీర్యం చిమ్మకుండా మెల్లగా కారడం, తండ్రి కావడానికి వైద్యసాయం అవసరపడటం ఉన్నాయి.

ఇంతకీ తేలిక రకానికి ఆపరేషన్ అవసరమా? 1995లో జర్మనీలో ఫిక్ట్‌నర్ బృందం వేరే జబ్బుల కోసం ఆసుపత్రికి వచ్చిన 500 మంది మగవాళ్లను పరీక్షించింది. పుస్తకాల్లో బొమ్మ వేసిన చోట, అంటే సరిగ్గా కొసన రంధ్రం ఉన్నవాళ్లు 55 శాతమే. 13 శాతానికి హైపోస్పేడియాస్ ఉంది. వాళ్లలో చాలామందికి తమకు లోపం ఉందనే తెలియదు. నిలబడే మూత్రం పోసుకుంటున్నారు, సంసారాలు చేసుకుంటున్నారు. నాకు ఈ అధ్యయనం మిగతా అన్నింటికంటే ఎక్కువ ఆలోచన రేపుతుంది. 2014లో టొరంటో పిల్లల ఆసుపత్రి తేలిక రకానికి ఆపరేషన్ చేయించిన తల్లిదండ్రులను అడిగితే, దాదాపు సగం మందిలో ఎంతో కొంత పశ్చాత్తాపం కనిపించింది. వంపు ఉంటే, ధార పాదాల మీద పడుతుంటే చేయించాలి, అందులో రెండో మాట లేదు. రంధ్రం రెండు మిల్లీమీటర్లు కిందుండి మిగతా అంతా బాగుంటే, అది ఎవరి కోసం చేసే ఆపరేషనో తల్లిదండ్రులూ సర్జనూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి. మన దగ్గర ఆ సంభాషణ దాదాపు జరగదు. ఔట్‌పేషెంట్ వరసలో మూడు నిమిషాలు దొరుకుతాయి, తేదీ రాసిస్తారు.

చట్టాలూ ఈ వైపు చూస్తున్నాయి. లింగలక్షణాల్లో తేడాలతో పుట్టిన పిల్లలకు సొంత సమ్మతి లేకుండా, వాయిదా వేయగలిగిన ఆపరేషన్లు చేయడాన్ని మాల్టా 2015లో నిషేధించింది. మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు ప్రభుత్వం 2019లో ఇంటర్‌సెక్స్ పసిపిల్లలకు ప్రాణాపాయం ఉంటే తప్ప లింగనిర్ణయ ఆపరేషన్లు చేయొద్దని ఉత్తర్వు ఇచ్చింది. మామూలు హైపోస్పేడియాస్ ఈ నిషేధాల కిందికి రాదని చాలామంది పిల్లల సర్జన్లు అంటారు. పిల్లాడు పెద్దయ్యేదాకా ఆగి అతన్నే అడగాలనేవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లలో ఈ ఆపరేషన్ కష్టం, గాయం మానడం కష్టం. రాత్రిళ్లు అంగం నిలబడినప్పుడల్లా కుట్లు లాగుతాయి. ఆగడం వల్ల నష్టం లేదనడం కూడా తప్పే.

చిన్నప్పుడు రెండు మూడుసార్లు ఆపరేషన్లయి, కుదరక, పాతికేళ్ల వయసులో యూరాలజిస్టు దగ్గరికి వచ్చేవాళ్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. ప్రతి ఆపరేషన్ తర్వాతిదాన్ని ఇంకాస్త కష్టం చేస్తుంది. ముందోలు అయిపోయి ఉంటుంది, ఉన్న చర్మం మచ్చలు కట్టి ఉంటుంది. ఏ పద్ధతిలో చేశారో, గొట్టం ఏ చర్మంతో కట్టారో చెప్పే కాగితం ఉండదు. ఊరు మారినప్పుడో, సిగ్గుతోనో, ఇల్లు సర్దినప్పుడో పోయి ఉంటుంది. అప్పుడు మిగిలిన దారి బుగ్గ లోపలి పొర. దాన్ని అంగానికి అతికించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు, 1941లో గ్రాహం హంబీ అనే ఇంగ్లీషు సర్జనే చేసి చూపాడు. తడికి అలవాటుపడిన పొర, దానికి వెంట్రుకలు ఉండవు. పుణెలో సంజయ్ కులకర్ణి లాంటి సర్జన్లు బుగ్గపొరతో మూత్రమార్గం కట్టడంలో ప్రపంచానికి పాఠాలు చెబుతున్నారు. చిక్కు ఎక్కడంటే, పాతికేళ్ల కుర్రాడు అప్పటికే పదేళ్లుగా గుట్కా నములుతూ ఉంటే బుగ్గ లోపల తెల్లగా, అట్టలా గట్టిపడి ఉంటుంది. నోరు కూడా పూర్తిగా తెరుచుకోదు. సర్జన్ టార్చి వేసి రెండు బుగ్గలూ చూస్తాడు. పనికిరాదనిపిస్తే నాలుక ఎత్తమంటాడు, అడుగున మెత్తని పొర ఏమైనా మిగిలిందేమోనని.